రెండు తాళ్ల బండి

నా బావమరిది ఆవెలీనోతో నేను మాట్లాడను. దారిలో ఎదురైతే నేను పక్కకి తప్పుకోను, వాడే తప్పుకుంటాడు. కారణమేమిటని మా కొండ ఊరు మోంతెలో చాలామంది అడిగారు. చెప్పలేదు. వాళ్లకి తోచింది వాళ్లు చెప్పుకున్నారు. ఆస్తి తగాదా అన్నారు. మా ఇద్దరిదీ కలిపినా తగాదా పడేంత ఆస్తి ఎక్కడిది?

మేమిద్దరం అప్పట్లో ఒక బుట్టబండికి జోడీ. కొండ మీద చర్చి మెట్ల దగ్గర జనాన్ని ఎక్కించుకుని కింద లివ్రమెంతు దాకా రోడ్డు మీద జార్చుకుపోయే బండి. చక్రాలుండవు. విల్లో బరికెలతో అల్లిన సోఫాలాంటి బుట్ట, దాని కింద కొవ్వు రాసిన రెండు కర్ర దుంగలు. ముందు నుంచి రెండు తాళ్లు వెనక్కి వస్తాయి. కుడి తాడు నాది, ఎడమ తాడు ఆవెలీనోది. బ్రేకులు మా బూట్లే. పాత టైర్లు కోసి కుట్టిన అట్టలు వాటికి. ఒకడు కాలు ఆనిస్తే రెండోవాడు కూడా ఆనించి తీరాలి. ఆనించకపోతే బండి అడ్డం తిరిగి గోడకి కొడుతుంది. ఈ పనిలో తెలుసుకోవలసింది ఇంతే. మిగతాదంతా ఊపిరి.

మా తాతల కాలంలో టౌనుకి దిగాలంటే ఇదే బస్సు. సంతకెళ్లే ఆడవాళ్లు, పాదిరీలు, కోర్టు పనుల మీద వెళ్లేవాళ్లు, అందరూ ఇందులోనే దిగేవారట. ఇప్పుడు టూరిస్టులు తప్ప ఎవరూ ఎక్కరు. మా కొండవాళ్లెవరైనా ఎక్కితే వీధంతా నవ్వుతుంది.

ఆ బుట్టల్లో సగం అల్లింది నా భార్య ఫిలొమేనా. బుట్టలల్లే కమాషా ఊరి మనిషి. బుట్ట పూర్తయ్యాక ఒకసారి అందులో కూర్చుని అటూ ఇటూ ఊగి చూసేది, ఎక్కడైనా కిర్రుమంటుందేమోనని. షెడ్డులో, నేల మీద. ఆమె బండెక్కడమంటే అంతే.

ఆ ఏడాది జూన్ నెలంతా కొండ నెత్తిన మబ్బు కూర్చుంది. ఏటా కూర్చునేదే. ఆ మబ్బులోంచే బస్సులో పెద్దాసుపత్రికి దిగాం, ఆ మబ్బులోకే తిరిగొచ్చాం. ఫిలొమేనా జబ్బు ఎముకల్లోకి పాకిందని డాక్టరు చెప్పాడు. ఇంకేదో కూడా చెప్పాడు కానీ నాకు వినబడలేదు. ఫిలొమేనా విన్నది, తలూపింది, ఆయనకి థాంక్స్ కూడా చెప్పింది.

ఇంటికొచ్చాక మొక్కజొన్న సంకటి కలియబెడుతూ, వెనక్కి తిరక్కుండా అంది.

"ఏమయ్యా జసింతో, ఒకటడుగుతా, కాదనకూడదు."

"అడుగు."

"నన్ను బండెక్కించు."

"ఏ బండి?"

"ఏ బండేంటి, నీకేమైనా విమానముందా? నీ బండే."

వేళాకోళమనుకున్నాను. ఆమె గరిటె పక్కన పెట్టింది.

"నిజంగానే అంటున్నా. టూరిస్టులాగా ఎక్కాలి. టికెట్టు కొనుక్కుని, వరసలో నిలబడి. మొగుడు ఊరికే ఎక్కించాడని ఒక్కళ్లు అనకూడదు."

"ఈ ఎముకలతోనా?"

"ఎముకలుండగానే ఎక్కాలి మరి. తరవాత ఎలాగూ ఎక్కిస్తారు, నల్లబండి. అందులో నేనేం చూస్తాను?"

మా వంటింటి కిటికీ బండ్లు దిగే రోడ్డు మీదికే ఉంటుంది. అప్పుడే ఒక బండి జర్రున పోయింది. ఎవరో ఆడమనిషి కేక పెట్టింది, ఆ వెనకే నవ్వింది. ఫిలొమేనా వేలెత్తి కిటికీ వైపు చూపించింది.

"విన్నావా? పెళ్లై ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ అదే. నేను నీ బండిపని తెల్లప్యాంట్లు ఉతుకుతుంటా, వాళ్లు అరుచుకుంటూ పోతారు. ముసలమ్మలయ్యా! నాకంటే ముసలివాళ్లు! చిన్నపిల్లల్లాగా కేకలు పెడతారు. ఆ కేక ఒక్కసారి నా నోట్లోంచి రావాలి. మెల్లిగా తీసుకెళ్లావో, ఊరుకోను. అందరితో ఎట్లా పోతావో నాతోనూ అట్లాగే పోవాలి."

"సరే."

"సరే కాదు. మాటివ్వు."

ఇచ్చాను.

ఆవెలీనో ఫిలొమేనా తమ్ముడు. తల్లి పోతే ఆమే పెంచింది. మెత్తని మనిషి. కోడిని కోయాలంటే పక్కింటివాణ్ని పిలుస్తాడు. అయినా రోడ్డు మీద మంచి జోడీయే, ఆ మాట కాదనను. మరునాడు వాడు దుంగలకి కొవ్వు గుడ్డ రుద్దుతుండగా చెప్పాను. గుడ్డ వాడి చేతిలోనే ఆగిపోయింది.

"నీకు మతి గానీ పోయిందా బావా? లివ్రమెంతు ముందర ఆ పాతరాళ్ల మీద నాకే నడుం పట్టేస్తుంది. అక్క తట్టుకుంటుందా?"

"మీ అక్క అడిగింది."

"అక్క చందమామనడిగితే తెచ్చిస్తావా?"

"నిచ్చెన దొరికితే తెస్తాను. నువ్వు నిచ్చెనకి రెండో కొస పట్టుకుంటావా లేదా, అది చెప్పు."

వాడు నాకు చెప్పలేదు. ఆ సాయంత్రం వాళ్లక్క దగ్గరికి వెళ్లి చెప్పబోయాడు. నేను గుమ్మంలో కూర్చుని బూటు అట్టలు సరిచేసుకుంటున్నాను. ఆమె వాణ్ని పూర్తిగా చెప్పనివ్వలేదు.

"నీకు కోరింతదగ్గు వచ్చినప్పుడు నిన్ను వీపున కట్టుకుని ఈ కొండ దిగాన్రా. వానలో. గుర్తుందా?"

"నువ్వు రోజూ గుర్తు చేస్తుంటే ఎట్లా మర్చిపోతానక్కా?"

"అయితే నన్నొకసారి దించు. కాలు ఆనించకుండా."

"మలుపుల దగ్గర ఆనించాలి కదే!"

"మలుపుల దగ్గర సరే. మిగతాచోట ఆనించావంటే చెవి మెలేస్తా. ఏదీ, చెయ్యి."

వాడు చెయ్యిచ్చాడు. నేను చూశాను. ఆ చేతిని ఆమె కాసేపు వదల్లేదు.

వెంటనే కుదరలేదు. జులై అంతా ఆసుపత్రి చుట్టూ తిరగడంతోనే సరిపోయింది. ఆగస్టు సగంలో మా కొండమ్మ తల్లి పండగ. మొక్కున్నవాళ్లు చర్చి మెట్లు మోకాళ్ల మీద ఎక్కుతారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వరసపెట్టి వచ్చి ఫిలొమేనాని మొక్కుకోమన్నారు. నేను ఆ తల్లిని అప్పటికే వదిలేశాను. ఫిలొమేనా వదల్లేదు కానీ మొక్కలేదు. "ఆవిడకి ఆ రోజు బోలెడు పని. నా పని మీరు చూడండి చాలు," అంది నాతో, ఆవెలీనోతో.

పండగ వెళ్లిన వారంలో, వీధుల్లో కాగితప్పూల తోరణాలు ఇంకా విప్పకముందే, ఆమెకి కాస్త నెమ్మదించింది. పొద్దున్నే లేచి నీలంరంగు గౌను తీసింది. ఎవరో టూరిస్టు బుట్టలో మరిచిపోయిన నల్లకళ్లద్దాలు మా ఇంట్లో ఎప్పటి నుంచో పడున్నాయి. అవి పెట్టుకుంది. వెడల్పు టోపీ పెట్టుకుంది. అద్దంలో చూసుకుని, "ఎట్లా ఉన్నా?" అంది.

"దొంగలా ఉన్నావు."

"టూరిస్టంటే దొంగలానే ఉండాలి," అని నా కంటే ముందు బయల్దేరింది. మెల్లిగా, గోడ పట్టుకుని, చర్చి దాకా. నన్ను వెంట రావద్దంది. బండివాడు టూరిస్టు వెంట నడవడం ఎక్కడైనా ఉందా అంది.

నేను పక్కసందులోంచి వెళ్లి వరసలో బండి దగ్గర నిలబడ్డాను. వరస చూసే తోమెకి ముందే చెప్పి ఉంచాను. ఎవరి వంతు వస్తే వాళ్లు ఎక్కించుకోవాలి, అది మా కట్టుబాటు. ఆ రోజు తోమె రెండు జోడీలని కాఫీకి పంపించి మా వంతు ముందుకి జరిపాడు. అది వాడు చేసిన మంచిపని. అదొక్కటే.

టికెట్ల కిటికీలో జుల్మీరా కూర్చుంటుంది. మా వీధి మనిషే. ఫిలొమేనా తన వంతు వచ్చే దాకా ఇద్దరు టూరిస్టుల వెనక నిలబడి, కిటికీ దగ్గరికెళ్లి, ఇంగ్లీషులో "వన్ టికెట్" అంది.

"అయ్యో ఫిలొమేనా! నువ్వేంటే?"

"ఫిలొమేనా ఎవరు? మాది లండన్."

"లండన్ వాళ్లకి రేటెక్కువ తల్లీ."

"పర్లేదు. రాణిగారి పక్కవీధే మాది."

జుల్మీరా నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఆమె కళ్లు తడయ్యాయి. "ఎక్కడానికేం గానీ ఫిలొమేనా, నీ తరఫున నేను మెట్లెక్కుతానే, వచ్చే ఏడాది, మోకాళ్ల మీద..."

"నీ మోకాళ్లు నువ్వుంచుకో. నాకు టికెట్టివ్వు. వెనకాల జనం ఆగారు, కనబడటంలా?"

బండివాళ్లందరికీ అప్పటికే తెలిసిపోయింది. తెల్లబట్టల్లో వరసగా గోడకి ఆనుకుని ఒకటే ఈలలు.

"జసింతో, దొరసానమ్మ దొరికింది నీకు. టిప్పు గట్టిగా లాగు!"

"ఆవెలీనో, దొరసానికి చెయ్యందించరా, సిగ్గుపడతావేం?"

ఆవెలీనో టోపీ తీసి చెయ్యందించాడు. "గుడ్ మార్నింగ్ మేడమ్," అన్నాను నేను. ఆమె తలాడించి బుట్టలో కూర్చుంది, సరిగ్గా మధ్యలో. కూర్చోగానే చేతిపట్టీ కింద వేళ్లు పెట్టి తడిమింది.

"ఈ బుట్ట అల్లినవాడెవడు? ద్రాక్షగంపలు అల్లుకునేవాడిలా ఉన్నాడు," అంది ఇంగ్లీషు మరిచిపోయి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నేను అందరి ముందు నవ్వడం అదే ఆఖరు.

బండిని నెట్టాం. మొదట్లో తాళ్లు పట్టుకుని పక్కన పరిగెత్తాలి, తరవాత వెనక దుంగల మీదికి ఎక్కి, ఒక చేత్తో తాడు, ఒక చేత్తో బుట్ట వెనక అంచు పట్టుకోవాలి. నేను మామూలుగా పరిగెత్తే దూరం కంటే ఎక్కువ పరిగెత్తాను. నా వయసువాడు అలా పరిగెత్తకూడదు. అయినా పరిగెత్తాను. బండి జోరందుకుంది. రెండు వైపులా గోడలు, గోడల మీద పూలపొదలు, అన్నీ కలిసిపోయి గీతలయ్యాయి. దుంగలు రోడ్డు మీద పాడటం మొదలుపెట్టాయి. ఆమె టోపీ ఎగరబోతే ఒక చేత్తో పట్టుకుంది. చిన్నగా శబ్దం చేసింది. కేక కాదు. కేకకి ముందు లోపలికి పీల్చే ఊపిరి.

వస్తుంది, అనుకున్నాను. ఇంకొక్క సాగుడు సాగితే వస్తుంది.

మొదటి మలుపు వచ్చింది. అక్కడ కుడివైపు సందులోంచి కార్లు వస్తాయి. కుడి తాడువాడు సందు చూడాలి, ఎడమవాడు బండిని చూసుకోవాలి. నేను సందు చూశాను. కారేమీ లేదు. ఇద్దరం కాళ్లు ఆనించాం, బండి తిరిగింది, నేను కాలెత్తాను. ఆవెలీనో ఎత్తలేదు.

బండి ముక్కు ఎడమకి లాగింది. నేను మళ్లీ ఆనించక తప్పలేదు.

"కాలెత్తరా," అన్నాను.

వాడు రోడ్డు కేసే చూస్తున్నాడు. బూటు అట్ట రోడ్డు మీద ష్‌మంటూ ఈడ్చుకుపోతోంది.

"ఎత్తరా, సచ్చినోడా!"

ఎత్తలేదు. నేనెత్తితే బండి అడ్డం పడుతుంది. బుట్టలో నా భార్య ఉంది. వాడికది తెలుసు. వాడు బ్రేకు వేసినంతసేపూ నేను కూడా వేయాలి. అలా ఇద్దరం కలిసి, నా ఇష్టం లేకుండా నా కాళ్లతోనే, ఆ బండిని ఆ కొండ మీద నుంచి దించాం. శవాన్ని దించినట్టు దించాం. మా ఇంటి కిటికీ కిందుగా పోతున్నప్పుడు పక్కింటి కుక్క బయటికొచ్చింది. మా పక్కనే కాసేపు నడిచింది. తరవాత దానికి విసుగొచ్చి మమ్మల్ని దాటిపోయింది. వెనక ఎవరో జర్మన్లని ఎక్కించుకున్న జోడీ మమ్మల్ని అందుకుని ఈలలేశారు. జర్మన్ ఆడమనిషి అప్పటిదాకా అరిచి అరిచి, మా వెనక ఇరుక్కుని నోరు మూసుకుంది.

ఫిలొమేనా ఒక్క శబ్దం చేయలేదు. వెనక్కి తిరిగి చూడలేదు.

లివ్రమెంతులో బండాగాక కాసేపు అలాగే కూర్చుంది. ఆవెలీనో ముందుకొచ్చి చెయ్యందించాడు. ఆ చెయ్యి పట్టుకుని లేచింది. చేతిసంచి తెరిచి, టూరిస్టులు ఇచ్చినట్టే, నాకొక నాణెం ఇచ్చింది. "వెరీ గుడ్ సార్, థాంక్యూ," అంది. తరవాత ఆవెలీనో చేతిలోనూ ఒకటి పెట్టి, వేళ్లు మూసి, పైన తన చెయ్యి వేసి, "థాంక్యూ" అంది. కన్నతల్లిలా పెంచిన తమ్ముణ్ని దారినపోయే వాణ్ని చేసి అలా అంది. నాకలా అనిపించింది. తగిన శాస్తే అనుకున్నాను. వాడు తలొంచుకుని నిలబడ్డాడు, నాణెం ఉన్న చెయ్యి తెరవకుండా.

టాక్సీలో ఇంటికి తీసుకొచ్చాను. దారిలో ఆమె కళ్లద్దాలు తీయలేదు.

"వాడు నాశనం చేశాడు," అన్నాను.

"వాణ్నేమీ అనకు."

"మాటిచ్చాడు."

"ఇచ్చాడు. వాణ్నేమీ అనకు జసింతో."

అన్నాను. ఎందుకనను? మరునాడు పొద్దున తెల్లబట్టల్లో వాళ్లందరూ చూస్తుండగానే వరసలో వాణ్ని నిలదీశాను.

"ఎందుకు ఆనించావు?"

"భయమేసింది బావా."

"నీ భయానికి నా పెళ్లాం కావాల్సి వచ్చిందా? చచ్చేలోపు అడిగింది ఒక్కటి. ఒక్కటంటే ఒక్కటి!"

వాడు మళ్లీ "భయమేసింది" అన్నాడు. పాఠం ఒక్కటే వచ్చిన పిల్లాడిలా. ఎడమ తాడు వాడి చేతుల్లోంచి లాక్కుని రోడ్డు మీద పారేశాను. ఎవరూ కదల్లేదు. వాడే వంగి తీసి, దుమ్ము దులిపి, చుట్ట చుట్టి బుట్టలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి నాకొకటే పని. ఫిలొమేనాని మళ్లీ ఎక్కించాలి. దానికి ఎడమ తాడు పట్టేవాడు ఒకడు కావాలి. అందరినీ అడిగాను. మా కొండ మీద ఒక కట్టుబాటుంది. జోడీలో ఒకడు బతికి, నిలబడగలిగి ఉన్నంతకాలం వాడి తాడు ఇంకొకడు పట్టడు. అన్నదమ్ములైనా పట్టరు.

"ఒక్కసారికిరా తోమే. ఒక్క దిగుడు," అన్నాను.

"ఒక్కసారైనా పదిసార్లైనా ఒకటే జసింతో. ఆవెలీనో ఉన్నాడుగా. వాడి పెళ్లాన్ని ఒక్కసారికిమ్మంటే ఇస్తారా ఎవరైనా?"

"వాడు నా పెళ్లాన్ని ముంచాడు."

"అది మీరూ మీరూ చూసుకోవాలి. తాడు మాత్రం మేం పట్టం."

కొందరు మొహం తిప్పుకున్నారు. కొందరు, పోనీలే, ఆడమనిషి క్షేమంగా దిగింది, అదే చాలన్నారు. వాళ్లతోనూ మాట్లాడటం మానేశాను.

సెప్టెంబరులో గస్పార్ ఒప్పుకున్నాడు. జోడీ చచ్చిపోయి, మోకాలు చెడి, పని మానేసి, ఏ కట్టుబాటూ లేకుండా ఇంట్లో కూర్చున్న ముసలాడు. చెరుకుసారాయి దుకాణంలో పట్టుకున్నాను. "నా మోకాలు ఒక్క దిగుడికి వస్తుంది. రెండోదానికి రాదు," అన్నాడు. ఒక్కటి చాలన్నాను. పరుగున ఇంటికొచ్చి ఫిలొమేనాకి చెప్పాను. అప్పటికి ఆమె కిటికీ పక్క మంచం మీదికి చేరింది.

"గస్పార్ వస్తాడు. కాలు ఆనించడు. ఆ ముసలాడికి భయమంటే తెలీదు. వచ్చే వారం పోదాం."

"అలాగే," అంది. "నా నీలం గౌను ఉతికిపెట్టు."

ఉతికిపెట్టాను. నేనే ఇస్త్రీ చేశాను. వచ్చే వారం ఆమె కూర్చోలేకపోయింది. ఆపై వారం అన్నాను. "అలాగే" అంది. నేను రోజూ చెప్పేవాణ్ని, ఎలా నెట్టాలి, గస్పార్ ఎక్కడ ఎక్కుతాడు, మొదటి మలుపు తరవాత కాళ్లెత్తేస్తే బండి ఎంత జోరుగా పోతుంది. ఆమె నా చెయ్యి పట్టుకుని అంతా వినేది. మధ్యమధ్యలో, "అబ్బో," అనేది.

ఆవెలీనో సాయంత్రాలు వచ్చేవాడు, పెరటి గుమ్మంలోంచి. వాడు రాగానే నేను లేచి పెరట్లోకి పోయేవాణ్ని. ఒక్కోసారి లోపల్నుంచి నవ్వులు వినబడేవి. ఆమె గొంతే. నాతో ఆ నెల నవ్వింది లేదు. వాడితో నవ్వింది. క్షమించేసిందన్నమాట, అనుకున్నాను. ఆమె అలాంటిదే. ఆమె వేరు, నేను వేరు.

శీతాకాలం ముందు, చెస్ట్‌నట్ కాయలు రాలే రోజుల్లో, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, ఫిలొమేనా పోయింది. వానకి బండ్లు ఆగిపోయాయి. రోడ్డు మీద ఏ శబ్దమూ లేదు.

ఏడోనాటి పూజ అయ్యాక చర్చి నుంచి ఒక్కణ్నే ఇంటికొచ్చాను. నా గేటు దగ్గర ఆవెలీనో నిలబడి ఉన్నాడు. నల్ల కోటు, అది వాడి పెళ్లినాటిది, బొత్తాలు పట్టలేదు. పక్కకి జరగమన్నాను. జరగలేదు. మొదటిసారి.

"బావా, ఒక మాట విని తిట్టు."

"తిట్టడం కూడా దండగ నిన్ను."

"ఆ రోజు నాకు భయమెయ్యలేదు."

నేను గేటు గడియ మీద చెయ్యి వేసి ఆగాను.

"మలుపు దగ్గర నువ్వు సందు కేసి చూస్తున్నావు. అప్పుడు అక్క చెయ్యి వెనక్కి పెట్టింది. నా చేతి మీద. గోళ్లు దిగబడ్డాయి బావా. 'నొప్పిరా, జోరు తగ్గించు' అంది, దుంగల రొదలో నీకు వినబడకుండా. 'మీ బావకి తెలియనివ్వకు' అంది."

"అబద్ధం."

"అక్క మీద ఒట్టు."

"అయితే నాకెందుకు చెప్పదు? బండి నాది కాదా? నేను ఆపనా?"

"ఆపుతావు. అందుకే." వాడు మొహం తుడుచుకున్నాడు. "తరవాత నేనూ అదే అడిగా. 'మీ బావ కుర్రాడిలా పరిగెత్తాడ్రా, ఎన్నేళ్లైందో ఆ పరుగు విని' అంది. 'ఆ పరుగంతా నా నొప్పి కోసమని తెలిస్తే ఇంక లేవడు' అంది. 'కోపం నీ మీద పెట్టుకోనీ, కోపముంటే నిలబడతాడు' అంది. నా చేత ఒట్టేయించుకుంది."

"గస్పార్ సంగతి?"

"దానికి నవ్వేది. 'వచ్చే వారం మళ్లీ చంపుతాడంట్రా నన్ను' అని. నవ్వి, తరవాత ఏడ్చేది."

వీధిలో ఎవరో పోతూ మమ్మల్ని చూసి నడక తగ్గించారు. నేను చూస్తే వేగంగా పోయారు.

"ఒట్టేశావుగా. మరిప్పుడెందుకు చెప్పావు?" అన్నాను.

"అక్క లేదు బావా. నువ్వూ లేకపోతే నాకెవరున్నారు?"

నేను గేటు తీసి, లోపలికి పోయి, గడియ పెట్టాను. వాడు చాలాసేపు అక్కడే ఉన్నాడు. కిటికీలోంచి కోటు కనబడుతూనే ఉంది. తరవాత కనబడలేదు.

ఇది తెలిస్తే ఎవరైనా వాణ్ని దగ్గరికి తీయమంటారు. పాపం వాడేం చేశాడు, అక్క మాట విన్నాడు, నీ తిట్లు పడ్డాడు, అంటారు. నిజమే. వాడు చేసిన తప్పేమీ లేదని నాకు తెలుసు. అయినా మాట్లాడను. తరవాత వాడు ఇంకో జోడీ కుదుర్చుకోలేదు, టౌన్లో ఏదో గోదాములో కాపలాకి చేరాడు. నేనూ బండి వదిలేశాను.

బుట్ట వెనక అంచు ఎంతో వెడల్పుండదు. దాని మీద ఆ రోజు రెండు చేతులున్నాయి. కుడివైపు నాది, ఎడమవైపు వాడిది. మధ్యలో మూరెడు చోటు కూడా లేదు. ఆమె సరిగ్గా మధ్యలో కూర్చుంది. నొప్పి పుట్టినప్పుడు చెయ్యి వెనక్కి, ఎడమవైపుకి పెట్టింది, తిరిగి చూడకుండా. చూడాల్సిన పని లేదు. ఎవరి చెయ్యి ఎటు ఉంటుందో ఆమెకి తెలుసు.